నీళ్ల మీద తేలిన ఎలక

మా కాలేజీలో తలలో పూలు పెట్టుకోని ఆడలెక్చరర్ ఆమె ఒక్కతే. శ్రావణ శుక్రవారం వచ్చిందంటే స్టాఫ్ రూమంతా మల్లెపూల వాసన. ఎవరో ఒకరు మూర మూర తుంచి అందరికీ పంచేవాళ్లు. ఆమె తన వాటా తీసుకుని, కళ్లకద్దుకుని, పక్కనున్నదాని జడలో పెట్టేసేది. కొత్తగా చేరినవాళ్లు దీనికి రకరకాల కారణాలు చెప్పుకునేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి అని కొందరు, చాటుగా మతం మారిందని కొందరు. నాకు నోరాగదు కదా, ఒకరోజు రైల్లో నేరుగా అడిగేశాను.

"ఎలకలకి వాసన పడదే. కొత్త వాసనొస్తే బెదురుకుంటాయి" అంది.

"ఈడ ఎలకలు యాడుండాయక్కా?"

"లేవులే. అలవాటైపోయింది" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పోయిన నెల ధర్మవరంలో ఆమె కన్నుమూసింది. ఆమె జీవితం గురించి చెప్పమంటే నాకు పెద్దగా తెలీదు. ఆమె నాకు చుట్టమూ కాదు పక్కమూ కాదు. ఇద్దరం హిందూపురంలో ఒకే జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాళ్లం. పొద్దున రైలు ఆమె ధర్మవరంలో ఎక్కేది, నేను పెనుకొండలో ఎక్కేదాన్ని. నా కోసం పక్క సీట్లో గొడుగు అడ్డం పెట్టి, ఎవరొచ్చి అడిగినా "మా చెల్లెలొస్తాంది" అనేది. అలా అక్క అయింది. కాలేజీకి రాకముందు బెంగళూరులో ఏదో పరిశోధనశాలలో ఎలకల మీద పనిచేసిందని, పరిశోధన పూర్తయ్యే దశలో ఆ పని వదిలేసి వచ్చేసిందని మాత్రం అందరికీ తెలుసు. ఎందుకు వదిలేసిందో అడిగితే "నాకు ఆ ఊరి నీళ్లు పళ్లేదు" అని కొట్టిపారేసేది.

ఆమె దేన్నీ ఒంటి చేత్తో పట్టుకునేది కాదు. కాఫీ గ్లాసైనా, చంటిపిల్ల తలకాయైనా, రాలిన గువ్వపిల్లైనా రెండు అరచేతులూ దోసిలి చేసి కింద నుంచి ఎత్తుకునేది. ఎవరన్నా తల్లి బిడ్డను రెక్క పట్టుకుని బస్సులోకి ఈడ్చిందంటే చాలు, ఆమె ముఖం మాడిపోయేది. "తోక పట్టుకోని ఎత్తినట్టు ఎత్తుతాందే" అని నా చెవిలో గొణిగేది. ఎలకను తోక పట్టుకుని ఎత్తితే రోజంతా వణుకుతుందట, దోసిట్లోకి రానిస్తే భయపడదట. అబ్బబ్బ, ఆమె పక్కన కూర్చుంటే లోకమంతా ఎలకల కళ్లతోనే చూడాలి. ఒక్కోరోజు విసుగొచ్చి నేను నిద్రపోతున్నట్టు నటించేదాన్ని.

పిల్లలు ఆమెకు ఎరువు మేడం అని పేరు పెట్టారు. కారణం ఉంది. మెదడులో నరాలు బతకడానికి, కొత్త కొమ్మలు వేయడానికి మెదడే తయారుచేసుకునే ఒక పదార్థం ఉంటుంది. పుస్తకంలో దాని పేరు నోరు తిరగదు. ఆమె ఎరువు అని చెప్పేది. మన జిల్లా పిల్లలకు అంతకంటే బాగా ఎలా అర్థమవుతుంది? ఆ ఎరువు తగ్గిన ఎలక మూలకు చేరుతుంది. చక్కెర నీళ్లు, మామూలు నీళ్లు పక్కపక్కన పెడితే ఏదైనా ఒకటే అన్నట్టు తాగుతుంది. ఒళ్లు శుభ్రం చేసుకోదు. అదే ఎలకను తిరిగే చక్రం మీద పరిగెత్తనిస్తే, తోటి ఎలకలతో ఉంచితే, ఎరువు మళ్లీ ఊరుతుంది. "అట్లని ఎరువు యాడ బడినా మంచిదే అనుకోవద్దండి. మెదట్లోనే ఇంకో మడిలో పడితే భయాన్ని పెంచుతాది. దెబ్బతిన్న ఎలక మళ్లీ ఎవురి దగ్గరికీ పోకుండా జేసేది కూడా ఆ ఎరువే" అనేది. ఒకసారి వెనక బెంచీ నుంచి ఎవడో "పిల్లికి చెలగాటం, ఎలకకు ప్రాణసంకటం" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. "ఆ పిల్లిని నేనేలే నాయనా" అని ఆమె పాఠం కొనసాగించిందట.

రైలు రద్దయిన రోజు బస్సులో పెనుకొండ దాకా వచ్చి, నాతో కలిసి బస్సులో హిందూపురం పోయేది. ఒకరోజు బస్సులో నాకు ఈ ఎరువు సంగతి చెబుతుంటే, సోమందేపల్లిలో ఎక్కిన రైతొకాయన ముందు సీట్లోంచి తిరిగాడు.

"మేడం, ఆ ఎరువు యాడ దొరుకుతాది? మా పెద్దోనికి ఒక మూట కావల్ల. ఎప్పుడు జూసినా గోడకానుకోని కూచోనుంటాడు, ఉలుకూ లేదు పలుకూ లేదు."

బస్సంతా నవ్వింది. నేనైతే కడుపు పట్టుకుని నవ్వాను. ఆమె మాత్రం ముందుకు వంగి, "ఎప్పట్నించి అట్లుండాడప్పా? తిండి తింటాండాడా? స్నేహితులు వస్తాండారా?" అని మొదలుపెట్టింది. హిందూపురం వచ్చేదాకా ఆ ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుతూనే ఉన్నారు. దిగేటప్పుడు ఆ రైతు నవ్వడం లేదు. ఆమెకు దండం పెట్టి పోయాడు.

ఆమె ఎందుకలా ఉండేదో నాకు తెలిసింది మా ఇంట్లోనే, ఒక ఆదివారం. భోజనానికి పిలిచాను. పెనుకొండలో మా ఇల్లు కొండవైపు చివరి వీధి, ఎలకలకు కొదవ లేదు. సరిగ్గా ఆ రోజే బోనులో ఒకటి పడింది. మా ఇళ్లలో బోనులో పడ్డ ఎలకను ఏం చేస్తారో అందరికీ తెలిసిందే. నిండు బకెట్లో బోను ముంచి, కాసేపాగి తీస్తారు. కొట్టి చంపితే పాపం, నీళ్లలో ముంచితే మన చేతికి అంటదు అని మా అత్తగారి లెక్క. మా ఆయన పెరట్లో బకెట్ నింపి బోను ముంచి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అక్క వంటింటి గడపలో ఉంది. ఎప్పుడు దిగిందో, ఎప్పుడు చేరిందో, మోచేతి దాకా నీళ్లలో చెయ్యి పెట్టి బోను పైకి లాగింది. చీర కుచ్చిళ్లన్నీ తడిసిపోయాయి.

"ఏం వదినా, ఎలకే కదా!" మా ఆయన బిత్తరపోయాడు.

"ఎలకేనప్పా. ముంచి పక్కకు జూస్తాండావే, అది తప్పు. ముంచేటోళ్లు పక్కకు జూడగూడదు" అంది. ఆమె గొంతు అంత కరుకుగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

బోను పట్టుకుని కొండ కిందికి బయల్దేరింది. వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉంది. నాకు ఒళ్లు మండింది, అయినా చెప్పులేసుకుని వెంటబడ్డాను. కొంత దూరం పోయాక తనే మొదలుపెట్టింది.

"నాకు ఆడ ఇదే పనే. గాజు జాడీలో నీళ్లు పోస్తాము. ఎలకను వదుల్తాము. మొదట ఈదుతాది, గోడ గీరుతాది, ఎట్లన్నా ఎక్కల్లని జూస్తాది. కొంచేపటికి కాళ్లు కదిలియ్యడం మానేసి, ముక్కు పైన పెట్టుకోని తేలుతాది. ఎంతసేపు తేలిందో గడియారం బట్టుకోని నేను లెక్కగట్టల్ల. ఎరువు బాగుండేది చానాసేపు ఈదుతాది. ఎరువు తగ్గింది తొందరగా తేలుతాది. తేలిందంటే ఆశ వదులుకునిందని రాయల్ల."

"అయితే ఆఖరికి ఏం తేలిందక్కా?" అన్నాను.

"ఏం తేలుతాది? ఎలకే తేలింది" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"చెవికి గాటుండే తెల్లెలక ఒకటుండె. మొదటిసారి బాగానే ఈదింది. మర్సటి దినం నీళ్లలో వదిల్తే అసలు ఈదనే లేదు. వదిలినెంబడే తేలింది. తేలి నన్నే జూస్తాంది. సరే, ఇది పూర్తిగా వదులుకునిందని రాసుకోని చెయ్యి పెట్టినా. ఒక్క దూకున అరచేతిలోకొచ్చి కూచోని ముఖం కడుక్కునేదానికి మొదలుపెట్టిందే! ఆశ వదులుకున్నది ముఖం కడుక్కుంటాదా? ముందుదినం నేను బయటికి తీసినా కదా. ఈ దినం కూడా తీస్తాదిలే అని నిమ్మళంగా తేలింది. అది నన్ను నమ్మింది."

"మంచిదే కదక్కా."

"మెదట్లో ఎరువు ఎంతుండాదో జూడాలంటే మెదడు బయటికి తియ్యల్ల కదే" అంది. బోనులోని ఎలక వైపు చూసింది. "అది ముఖం కడుక్కున్న అరచేతిలోనుంచే తీసుకపోయినా."

ఎలకల వల్లే కదా ఇన్ని మందులొచ్చింది, ఎందరో ఆ మాత్రలు మింగి బతుకుతున్నారు కదా అన్నాను. ఆమె ఒప్పుకుంది. "అదీ నిజమే. ఆ పని చెడ్డదని నేనను. ఎవురో ఒకరు చెయ్యాల్సిందే. అట్లని నా చెయ్యి నాది గాకుండా పోతాదా? తేలినవన్నీ ఆశ వదులుకునింటే, నేను వాటిని ఏడిపించినట్టు. నమ్మి తేలింటే, మోసం జేసినట్టు. ఏ లెక్క జూసినా నాదే పాపం" అంది. బోను తలుపు తీసింది. మా ఇంటి ఎలక కాసేపు గడపలోనే కూర్చుని, తర్వాత రాళ్లలోకి పరిగెత్తింది. ఆమె చేతులు తుడుచుకుని, "పా, ఆకలైతాంది" అంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు మా పాప సంగతి వచ్చింది.

ఇంటర్ అయ్యాక దాన్ని దూరంగా హాస్టల్లో కోచింగుకు వేశాం. సీటు రాలేదు. ఇంటికొచ్చేసింది. అంతకుముందు అది పెద్ద గయ్యాళి, నా కూతురే కదా మరి. దోసె మాడితే గొడవ, దువ్వెన కనపడకపోతే గొడవ. వచ్చాక ఏ గొడవా లేదు. పెట్టింది తింటుంది. లేవమంటే లేస్తుంది. ఏమడిగినా "సరేమా" అంటుంది. ఇంటి ముందరి అరుగు మీద పొద్దంతా కూర్చుంటుంది. వీధిలో ఆడవాళ్లు "నీ కూతురు కుదురుకునిందమ్మా, అదృష్టవంతురాలివి" అన్నారు. మా వైపు ఆడపిల్లకు కుదురుగా ఉంది అనడానికి మించిన సర్టిఫికెట్ లేదు. నేను మురిసిపోయాను. రైల్లో అక్కకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆమె అంతా విని, "నువ్వు చెప్పకముందే తల దువ్వుకుంటాందా?" అంది.

"అదేం ప్రశ్నక్కా?"

"తీపి దెచ్చిస్తే? దానికి బర్ఫీ అంటే ప్రాణం కదా, దెచ్చిస్తే లాక్కోని తింటాందా, పెడితే తింటాందా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా పిల్లేమన్నా నీ ఎలకా అక్కా?" అని అరిచాను. పెట్టెలో అందరూ మా వైపు తిరిగారు. ఆమె "కాదులే" అని ఊరుకుంది. సాయంత్రం మాత్రం పెనుకొండలో నాతోపాటు దిగేసింది. పిలవలేదు, అయినా మా ఇంటికి వచ్చింది. అరుగు మీద పాప పక్కన కూర్చుంది. వీధిలో పోయేవాళ్లను దాంతోపాటే చూసింది. తర్వాత దాని గడ్డాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకుని, "పా, కొండదాకా పోయొస్తాం" అంది. అది "సరే పెద్దమ్మా" అని లేచింది. ఆ సరే కూడా నాతో అన్నట్టే అంది.

అప్పట్నుంచి రోజూ అదే పని. సాయంత్రం రైల్లోంచి పెనుకొండలో దిగేది, పాపను నడిపించుకుని వచ్చేది, ఏ బస్సో పట్టుకుని ధర్మవరం చేరేది. దారిలో ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలీదు. అడిగితే పాప "ఎలకల గురించి" అనేది. కొన్నాళ్లకు అక్క నన్ను పక్కకు పిలిచింది.

"నాకు చేతనయ్యేది నడిపియ్యడం ఒకటే. ఇది నా ఒక్కదాంతో నయమయ్యేది గాదు. మనసు డాక్టరుకు చూపియ్యల్ల."

"ఎవరన్నా జూస్తే ఏమనుకుంటారక్కా? రేపు పెళ్లి కావల్సిన పిల్ల."

"పిల్లుంటే కదా పెళ్లి" అంది.

బెంగళూరులో, మమ్మల్ని ఎరిగినవాళ్లెవరూ లేని చోట, ఒక డాక్టరును వెతికింది. వీధిలోవాళ్లకు కంటి అద్దాల కోసమని చెప్పాం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఊరి నీళ్లు పడవన్న మనిషి మాతోపాటు వచ్చింది. తిరుగు రైల్లో పాప నా ఒళ్లో తలపెట్టి పడుకుని ఉంటే, నేను లోగొంతుతో అడిగాను. "అక్కా, నా బిడ్డ ఆశ వదులుకునిందా? లేకుంటే ఎవరన్నా వస్తారని చూస్తాండెనా?"

"నాకు తెలీదే. తెలుసుకోవల్లని గడియారం బట్టుకోని కూచునేది ఒక జన్మకు సాలు. ముందు చెయ్యి పెట్టల్ల" అంది.

మాత్రలు, నడక, మళ్లీ డాక్టరు. నెలలు పట్టింది. ఒకరోజు పొద్దున పాప వంటింట్లోకి వచ్చి, "ఈ చెట్నీలో ఉప్పు ఎవరేసినారు, చేత్తో వేసినారా చేటతో వేసినారా?" అని కసిరింది. పళ్లెం తోసేసింది. నేను పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. రైల్లో అక్కకు చెబితే, "కొట్లాడిందా? నిజంగా కొట్లాడిందా? ఏమనింది, మళ్లా చెప్పు" అని అడిగి అడిగి చెప్పించుకుంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే నవ్వింది. ఆమె అంత నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. ఈ సంగతి ఎవరితోనూ, ఎప్పటికీ, అనొద్దని. "నాకు ఎలకల సంగతులు తప్ప ఏం తెలుసే" అని నా చేతిలో చెయ్యి వేసింది.

ఆ మాట ఎంత గట్టిగా నిలబెట్టుకుందో మొన్న చూశాను.

రిటైరయ్యాక ధర్మవరంలో తమ్ముడి ఇంట్లో ఉండేది. జబ్బు ముదిరిందని తెలిసి పోయాను. ముందు గదిలో మంచం, పక్క గదిలో తమ్ముడి మగ్గం చప్పుడు. తమ్ముడి భార్య నాకు కుర్చీ వేసింది. గోడవారగా పక్కింటావిడ కూర్చుని ఉంది. ఆమెను చూడగానే గుర్తుపట్టాను. అప్పటికి పాప పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తోంది, దానికి ధర్మవరం నుంచి ఒక సంబంధం మాట నడుస్తోంది. ఆ పక్కింటావిడ ఆ పెళ్లికొడుక్కి సొంత మేనత్త. "మీ పాప చానా కుదురైన పిల్లంట కదా" అని పలకరించింది. నేను తల ఊపాను.

అక్క బాగా చిక్కిపోయింది. నా చెయ్యి రెండు చేతుల మధ్య పెట్టుకుంది. గొంతు సరిగా రావడం లేదు.

"నిద్ర పట్టదే. అవే కనపడతాయి, తేలుకుంటా. నన్నే జూస్తా" అంది.

"అవన్నీ ఇప్పుడెందుకక్కా."

"ఒక్కటి చెప్పు. నేను చెయ్యి పెడితే బయటికొచ్చి, బతికి బాగుండేది ఒకటన్నా ఉండాదా? ఒక్కటన్నా?"

ఆమె ఏమడుగుతోందో నాకు బాగా తెలుసు. ఒట్టు వేసిన మనిషి కాబట్టి పాప పేరు ఎత్తలేదు. ఎలక పేరు పెట్టి అడిగింది. నేను చెప్పాల్సింది ఎంత? "ఉండాది అక్కా, ఫ్యాక్టరీకి పోతాంది, నాతో రోజూ కొట్లాడతాంది." ఇంతే కదా. నాలుక చివరి దాకా వచ్చింది. గోడవార ఆమె చెవులు నిక్కబొడుచుకుని వింటోంది. నోరాగదని పేరు పడ్డదాన్ని, ఆ రోజు నా నోరు నా మాట బాగా విన్నది.

"ఎలకలన్నీ నిన్ను నమ్మినాయిలే అక్కా. ఒక్కొక్కటీ నిన్నే నమ్మినాయి. నువ్వు మనసు కష్టపెట్టుకోవద్దు" అన్నాను.

ఓదార్చాననుకున్నాను, చూడండి. నమ్మి తేలింటే మోసం చేసినట్టు అని కొండ కింద ఆమె నాతో చెప్పిన మాట, ఆ క్షణంలో నాకు గుర్తే రాలేదు. ఆమె నా చెయ్యి వదిలేసింది. మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ ఇటు తిరగలేదు. "ఎలకలంటాదేమమ్మా ఆయమ్మ?" అని మేనత్త అడిగింది. "ఏదో పాత ఉద్యోగం సంగతిలే" అని నవ్వాను. ఛీ, నవ్వాను కూడా. రైలుకు టైమైందని లేచి వచ్చేశాను. ఇంకోసారి వచ్చి, ఒంటరిగా ఉన్నప్పుడు చెవిలో చెబుదామని దారంతా అనుకున్నాను. ఆ ఇంకోసారి దాకా ఆమె ఆగలేదు.

చనిపోయిందని ఫోన్ వస్తే పాప సెలవు పెట్టి నాతో వచ్చింది. వద్దన్నా వినలేదు. ఇంటి ముందర జనం. పాప నేరుగా పోయి ఆమె దగ్గర కూర్చుంది. చల్లబడిన ఆ చేతులు రెండూ తన ముఖానికి ఆనించుకుంది. "నాకు బాగలేక, బతకల్లని లేక గమ్మునైపోయినప్పుడు ఈ పెద్దమ్మే నన్ను బయటికి తీసింది. డాక్టరు దగ్గరికి తోడుకపోయింది. ఈయమ్మ లేకుంటే నేను లేను" అని అందరికీ వినపడేటట్టు చెప్పి ఏడ్చింది. నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ నోరు నొక్కుకోలేదు. ఎవరూ చెవులు కొరుక్కోలేదు. కాసేపటికి ఆ మేనత్త నా పక్కకొచ్చి, కొంగు చాటున అడిగింది.

"ఆ డాక్టరు యాడుంటాడమ్మా? మా చిన్నోడు కూడా గదిలోనుంచి బయటికి రావడంలేదు. ఎవురికి చెప్పుకోవల్లో తెలీక కూచోనుండాను."

ఈమెకా నేను భయపడింది! ఈమె వింటుందనా నేను ఆ ఒక్క మాట మింగేసింది! డాక్టరు ఉండే చోటు చెప్పాను. సంబంధం సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది కుదిరినా, కుదరకపోయినా, నాకిప్పుడు దాని మీద పట్టింపు లేదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన పాపను కూర్చోబెట్టాను. అది చాలాసేపు బయటికి చూస్తూనే ఉంది. పెనుకొండ కొండ కనబడుతుండగా నా వైపు తిరిగింది.

"మా, నువ్వు మొన్న పోయినప్పుడు పెద్దమ్మకు చెప్పినావు కదా? నేను బాగుండానని?"

"చెప్పినా" అన్నాను.

"ఏమనింది?"

"నవ్వింది."

పాప కళ్లు తుడుచుకుని నా భుజం మీద తల వాల్చింది. అది నన్ను నమ్మింది.